తీగ వెంట తిరిగొచ్చిన తరంగం

ఐదు వాట్ల దగ్గర అంతా సవ్యంగానే ఉంది. యాభైకి పెంచగానే ల్యాప్‌టాప్ తెర మీద మౌస్ బాణం బిగుసుకుపోయింది. రిగ్, అంటే రేడియో సెట్టు, మాత్రం పంపుతూనే ఉంది. తెర మీది ఆపు బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు. చివరికి బ్యాటరీ క్లిప్పు పీకేస్తే గానీ ఆగలేదు. “ఏందన్నా, దీనికేమన్నా దెయ్యం పట్టిందా?” అన్నాడు పక్కన కూర్చున్న తమ్ముడు.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే దారిలో, అడవి అంచున ఒక పెంకుటిల్లు. వసారాలో బల్ల మీద హ్యామ్ రేడియో సెట్టు, దాని పక్కన ల్యాప్‌టాప్. రెండిటినీ కలిపే ఈ పని ఎండాకాలంలోనే పెట్టుకోవడానికి కారణం గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది, ఆ వరదలో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. కరెంటు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతే అవతలి ఒడ్డుకు కబురు చేర్చడానికి మిగిలేది ఆకాశమే.

ఆపదలో హ్యామ్ రేడియో ఏం చేయగలదో మనవాళ్లు 2004లోనే చూపించారు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్, కాల్ సైన్ వీయూ2ఆర్‌బీఐ, అండమాన్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్నారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన ఆ దీవుల నుంచి ఆమె గొంతు ప్రధాన భూభాగానికి చేరింది.

గొంతు చాలు కదా, మధ్యలో కంప్యూటర్ ఎందుకు? పునరావాస శిబిరంలో ఉన్న రెండు వందల మంది పేర్లు, కావలసిన మందులు, వాటి మోతాదులు గురగురమనే బ్యాండ్ మీద చదివి వినిపించి చూడండి. పది మిల్లీగ్రాములు వంద అయిపోతుంది. అదే జాబితాను అక్షరాలుగా పంపితే, తప్పుగా చేరిన ముక్కను అవతలి కంప్యూటరే గుర్తుపట్టి మళ్లీ అడుగుతుంది. విన్‌లింక్ అనే వ్యవస్థ ఇంటర్నెట్ లేని చోటు నుంచి ఈమెయిల్‌ను ఇలాగే రేడియో మీద పంపిస్తుంది.

భద్రాచలానికీ ఖమ్మానికీ మధ్య సుమారు 120 కిలోమీటర్ల దూరం, అడవులు, గుట్టలు. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్టు తరంగం నేరుగా పోతుంది, గుట్ట అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది. ఏడు మెగాహెర్ట్జ్ తరంగాన్ని దాదాపు నిటారుగా పైకి విసిరితే సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులోని అయనోస్ఫియర్ అనే విద్యుదావేశ పొరకు తగిలి, వాన కురిసినట్టు చుట్టుపక్కల జిల్లాలన్నిటి మీదా పడుతుంది. దీనికి ఎత్తైన టవరు అక్కర్లేదు, అసలు ఎత్తు తక్కువగా ఉంటేనే మేలు. రెండు చెట్ల మధ్య ఇరవై మీటర్ల తీగ కడితే సరిపోతుంది. ఒక్క మాట మాత్రం మరవొద్దు. ఇది ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి. చెట్టెక్కి తీగలు కట్టే మనిషిని పోలీసులు ఆపి అడగడం సహజం. లైసెన్సు నకలు జేబులో ఉండాలి, కట్టేముందే స్టేషన్‌లో చెప్పి రావాలి.

ఇక రిగ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పొత్తు. కంటికి ఒకే యూఎస్‌బీ కేబుల్ కనిపించినా లోపల నాలుగు పనులు నడుస్తాయి: రిగ్ విన్న ధ్వని కంప్యూటర్‌లోకి వెళ్లాలి, కంప్యూటర్ పుట్టించిన ధ్వని రిగ్‌లోకి రావాలి, ఫ్రీక్వెన్సీ మార్చే ఆదేశాలు అందాలి, ఎప్పుడు పంపాలో ఎప్పుడు ఆపాలో చెప్పే పీటీటీ సంకేతం అందాలి. “పనిచేయట్లేదు” అన్నప్పుడు ఈ నాలుగింటిలో ఏది అన్నదే మొదటి ప్రశ్న. చాలామంది అన్నిటినీ ఒకేసారి కెలుకుతారు. అప్పుడు బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మళ్లీ చెడితే ఎక్కడ చూడాలో తెలియదు.

ఆదేశాలు అందకపోతే కారణం చాలావరకు చిన్నదే. కేబుల్ గుచ్చగానే కంప్యూటర్ దానికి ఒక కామ్ పోర్టు నంబరు ఇస్తుంది. వేరే సాకెట్‌లో గుచ్చితే ఆ నంబరు మారిపోవచ్చు. ఒక పోర్టును ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు, కాబట్టి వెనక ఇంకోటి తెరిచి ఉంటే కొత్తదానికి చోటు దొరకదు. రెండువైపులా బాడ్ రేటు, అంటే సమాచారం పంపే వేగం, ఒకటే ఉండాలి. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-991ఏ లాంటి సెట్టు రెండు పోర్టులు చూపిస్తుంది, ఆదేశాలకు వాడాల్సింది ‘ఎన్‌హాన్స్‌డ్’ అని రాసి ఉన్నదాన్ని. చవక కేబుళ్లలో నకిలీ చిప్‌లు ఉండటం ఇంకో చిక్కు. 2014లో ఎఫ్‌టీడీఐ కంపెనీ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది. అంతకుముందు రోజు దాకా పనిచేసిన కేబుళ్లను కంప్యూటర్లు గుర్తుపట్టడం మానేశాయి.

ధ్వని సంగతి ఇంకాస్త సున్నితం. కంప్యూటర్ నుంచి వచ్చే శబ్దం మితిమీరితే తరంగం ఆకారం చెడి, 700 హెర్ట్జ్ స్వరంతో పాటు 1400, 2100 దగ్గర దాని నకళ్లు పుడతాయి. మన సంకేతం పొరుగువాళ్ల మీద పడుతుంది. ధ్వని ఎక్కువైతే పైకి లేచే రిగ్ మీది ఏఎల్‌సీ ముల్లు కదిలీ కదలనట్టుండే చోటికి వాల్యూం తగ్గించాలి. స్వరాన్ని 1500 హెర్ట్జ్‌కు పైన పెట్టుకుంటే నకలు 3000 దాటి రిగ్ ఫిల్టర్‌లోనే చాలామటుకు ఆగిపోతుంది. మైకు ధ్వనిని మెరుగుపరుస్తామనే విండోస్ సెట్టింగులన్నీ తీసేయాలి. మాటను మెరుగుపరిచే ఆ ఏర్పాట్లు సంకేతాన్ని పాడుచేస్తాయి.

ధ్వని దారి సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిని మించిన పరీక్ష నాకు తెలియదు. 2017లో దీన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు జో టేలర్. జంట తారల పల్సార్‌ను కనుగొన్నందుకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నది ఆయనే. గోల కంటే వంద రెట్లకు పైగా బలహీనంగా ఉన్న సంకేతాన్ని కూడా ఇది చదివేస్తుంది. ఒక్కో వంతు 15 సెకన్లు. గడియారం రెండు సెకన్లకు పైగా తప్పితే తెర నిండా సంకేతాలు కనిపిస్తాయి గానీ ఒక్క అక్షరం రాదు. ఇంటర్నెట్ లేని ఊళ్లో కంప్యూటర్ గడియారం రోజురోజుకూ జరుగుతుంది కాబట్టి చిన్న జీపీఎస్ రిసీవర్ దగ్గర ఉంచుకోవాలి. అయితే సొంత వాక్యం రాయాలంటే దీనిలో 13 అక్షరాలకే చోటు. పరీక్షకు ఎఫ్‌టీ8, వరద కబుర్లకు విన్‌లింక్.

అడవి అంచు ఊళ్లో ఒక అదృష్టం ఉంది. పట్నంలో వందల ఛార్జర్ల, ఎల్‌ఈడీ బల్బుల రొద బ్యాండును కమ్మేస్తుంది. ఇక్కడ ఆకాశం నిశ్శబ్దం. అందుకే మన ల్యాప్‌టాప్ ఛార్జర్ ఒక్కటే ఊరంత గోల చేస్తుంది. అది పీకి చూడండి, సోలార్ కంట్రోలర్‌ను కూడా విడదీసి చూడండి. అప్పటిదాకా వినపడనివి వినపడతాయి.

మళ్లీ మా దెయ్యం దగ్గరికి. పోర్టు సరిగ్గా ఉంది, ధ్వని సరిగ్గా ఉంది, ఐదు వాట్లకు పనిచేస్తోంది. అప్పుడు యాంటెనా తీసేసి, ఆ స్థానంలో యాభై ఓముల డమ్మీ లోడ్ పెట్టాం. శక్తిని ఆకాశంలోకి వదలకుండా వేడిగా మార్చే పరికరం అది. యాభై వాట్లు పెట్టినా మౌస్ హాయిగా కదిలింది. అంటే తప్పు ప్రోగ్రాంలో లేదు, డ్రైవర్‌లో లేదు. మేం పంపిన తరంగమే వెనక్కి ఇంట్లోకి వస్తోంది.

వచ్చే దారి, రిగ్‌నూ యాంటెనానూ కలిపే కోయాక్సియల్ కేబుల్ పైపొర. అధిక ఫ్రీక్వెన్సీ కరెంటు లోహం పైతొక్కలోనే ప్రవహిస్తుంది. అందువల్ల ఆ పైపొర అల్లిక తీగకు లోపలి ముఖం, బయటి ముఖం రెండు వేర్వేరు తీగల్లా ప్రవర్తిస్తాయి. లోపల వెళ్లేదీ తిరిగొచ్చేదీ సరిసమానం. కానీ మేం తొందరలో ఒక చివర నుంచే శక్తి ఇచ్చే ఒంటి తీగ యాంటెనా కట్టాం. దానికి జోడీ సగం లేదు. ఆ లోటు తీర్చడానికి కరెంటు కేబుల్ బయటి ముఖాన్ని ఎంచుకుంది. మా కేబుల్ పది మీటర్లు, ఏడు మెగాహెర్ట్జ్‌లో పావు తరంగానికి దగ్గర. అది యాంటెనాలో భాగమైపోయింది. అక్కడి నుంచి రిగ్ డబ్బా, దాన్నుంచి యూఎస్‌బీ తీగ, దాన్నుంచి ల్యాప్‌టాప్. మూడు వోల్టుల చిన్న సంకేతాల మీద రేడియో వోల్టేజీ వచ్చి పడితే లింకు తెగుతుంది. ‘పంపు’ అన్న ఆదేశం ముందే చేరింది, ‘ఆపు’ అన్నది చేరలేదు. రిగ్ ఆగకపోవడానికి కారణం అదే.

మందు ఫెర్రైట్. పాత మానిటర్ కేబుల్ చివర ఉండే నల్లటి గుండులో ఉండేది అదే. జతగా ఎదురెదురు వెళ్లే కరెంట్లను అది వదిలేస్తుంది, పైపొర మీద ఒంటరిగా వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. గుండులోంచి తీగ ఒక్కసారి దూరిస్తే ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా ఉపయోగం లేదు. ఇండక్టెన్స్ చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఐదు చుట్లు చుడితే పాతిక రెట్లు. యూఎస్‌బీ తీగను పొట్టిదానితో మార్చి పెద్ద గుండుకు ఐదు చుట్లు చుట్టాం. ఒంటి తీగ విప్పి, మధ్యలోంచి శక్తి ఇచ్చే డైపోల్ కట్టాం. ఆ మధ్య బిందువు దగ్గర కోయాక్స్‌ను పెద్ద ఫెర్రైట్ రింగుకు చుట్టాం. రిగ్‌లో టైమ్ అవుట్ టైమర్‌ను మూడు నిమిషాలకు పెట్టాం. ఇకపై లింకు తెగినా అంతకుమించి అది పంపదు.

చీకటి పడ్డాక యాభై వాట్లతో మళ్లీ మొదలుపెట్టాం. మౌస్ కదిలింది, మొదటి వంతులోనే సంకేతాలు అక్షరాలయ్యాయి. తమ్ముడు పోర్టు నంబరు, బాడ్ రేటు, వాల్యూం ఎక్కడ ఉండాలో, ఏ తీగ ఏ సాకెట్‌లోకో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాశాడు. తడవకుండా దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రిగ్ పెట్టె మూత లోపల అతికించాం.