ఎంబ్రాయిడరీ పాదపీఠం

ఎంబ్రాయిడరీ పాదపీఠం అనగా కుర్చీలో కూర్చున్నవారు కాళ్ళు ఆనించుకొనుటకు వాడే, పైభాగాన కుట్టుపని వస్త్రం బిగించిన చిన్న మెత్తని పీట. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులోని మధ్యతరగతి ఇళ్ళలో ఇవి విరివిగా ఉండేవి. చలికాలంలో నేలను అంటి వీచే చల్లగాలి నుండి ఇవి పాదాలను కాపాడేవి. పై వస్త్రాన్ని తరచుగా ఇంటి స్త్రీలే కుట్టేవారు. దానిని పీటపై బిగించే పనిని వృత్తి పనివారు చేసేవారు.

చరిత్ర

19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెర్లిన్ నగరంలో గళ్ళ కాగితంపై ముద్రించి, చేతితో రంగులద్దిన నమూనాలను అమ్మసాగారు. ఇందులో ఒక్కొక్క గడి ఒక్కొక్క కుట్టును సూచిస్తుంది. అందుచేత చిత్రలేఖనం రానివారు సైతం గులాబీలను, చిలుకలను, కుక్కపిల్లలను కుట్టగలిగారు. దీనికి బెర్లిన్ ఉన్నిపని అని పేరు వచ్చింది. 1830ల నాటికి ఇది ఇంగ్లాండులో బాగా వ్యాపించింది. 1856లో విలియం హెన్రీ పెర్కిన్ మావ్ అనే ఊదా రంగును కనుగొన్న తరువాత కృత్రిమ రంగుల ఉన్ని వాడుకలోకి వచ్చింది. కావున మూల కుట్టులోనే అట్టి రంగు ఉన్నచో ఆ వస్త్రం అంతకు ముందుది కాజాలదు.

నిర్మాణం

చట్రంలో బయటకు కనిపించే భాగాలకు మహాగని, వాల్‌నట్, రోజ్‌వుడ్ వంటి కలపను, లోపలి భాగాలకు బీచ్ వంటి చౌక కలపను వాడేవారు. అతుకులను జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన జిగురుతో అతికించేవారు. మెత్తని భాగంలోని పొరలు క్రింది నుండి పైకి ఈ విధంగా ఉంటాయి:

* అడ్డంగా, నిలువుగా అల్లి మేకులతో బిగించిన పట్టీలు
* గోనెపట్ట
* గుర్రపు వెంట్రుకల పొర
* నూలు గుడ్డ
* కాన్వాసుపై ఉన్నితో కుట్టిన ఎంబ్రాయిడరీ

మేకుల వరుసను కప్పుటకు అంచున అలంకార పట్టీని అతికించేవారు. కొన్నింటిలో స్ప్రింగులు కూడా ఉంటాయి.

స్థితిని గుర్తించుట

వెలుతురు వలన పైభాగపు రంగులు వెలిసిపోతాయి. వస్త్రపు వెనుకవైపు వెలుతురు సోకదు కనుక అసలు రంగులు అక్కడ నిలిచి ఉంటాయి. ఇనుప లవణాలతో అద్దిన నలుపు, గోధుమ రంగు ఉన్ని మిగిలిన రంగులకన్నా ముందుగా పొడిబారి రాలిపోతుంది. అందువలన పూలు నిలిచి, వాటి చుట్టూ ఉన్న నల్లని నేపథ్యం మాత్రమే కాన్వాసు బయటపడేలా అరిగిపోవచ్చు. చిమ్మట లార్వాలు ఉన్నిని తిని కాన్వాసును వదిలివేస్తాయి.

చెక్కలో 1 నుండి 2 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు పుచ్చుపురుగు బయటకు వచ్చిన గుర్తులు. వాటి నుండి కొత్తగా లేతరంగు పొడి రాలుతుంటే పురుగు ఇంకా బ్రతికి ఉండవచ్చు. చట్రంపై ఒకటికి మించి మేకు రంధ్రాల వరుసలు ఉన్నచో పై వస్త్రాన్ని ఎప్పుడో మార్చి ఉంటారు. ఒకే వరుస ఉండటం అది మొదటి వస్త్రమే అనుటకు బలమైన ఆధారం.

పరిరక్షణ

చిరిగిన వస్త్రాన్ని తీసివేసి కొత్తది వేసినచో పీట అందంగా కనిపిస్తుంది. కాని దానిని కుట్టిన స్త్రీ పేరు సాధారణంగా ఎక్కడా నమోదు కాదు. ఆమె పనికి మిగిలే సాక్ష్యం ఆ వస్త్రమొక్కటే. అందుచేత సంరక్షకులు పాత కుట్లను కదపకుండా, బలహీనమైన చోట వెనుక నుండి ఆధార వస్త్రాన్ని చేర్చి కుడతారు. చిమ్మటలు పట్టిన వస్త్రాలను గాలి చొరని సంచిలో ఉంచి, సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజులు గడ్డకట్టించే పద్ధతి వాడుకలో ఉంది. సంగ్రహాలయాలలో ఇట్టి వస్త్రాలపై వెలుతురును సాధారణంగా 50 లక్స్‌కు పరిమితం చేస్తారు. వెలిసిన రంగును తిరిగి తెప్పించుట సాధ్యం కాదు.