పరీక్షల కాలంలో కాఫీ – ఎంతవరకు?

ఇంటర్, నీట్, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలకు, నైట్ డ్యూటీ చేస్తూ చదువుకునే నర్సింగ్ విద్యార్థినులకు కాఫీ మంచి తోడు. రోజుకు ఒక కప్పు కాఫీ వలన సాధారణంగా హాని ఉండదు. అయితే "కాఫీ తాగకపోతే తల పగిలిపోతోంది, పుస్తకం పట్టుకోలేకపోతున్నాను" అని చెప్పే విద్యార్థులను మేము తరచుగా చూస్తుంటాము. కొందరు కళ్ళద్దాలు కావాలేమోనని వస్తారు. కొందరు పెద్ద జబ్బేమోనని భయపడతారు. తలనొప్పికి కారణాలు అనేకం. వాటిలో కాఫీ అలవాటు కూడా ఒకటని చాలామందికి తెలియదు.

కాఫీ ఎలా పనిచేస్తుంది?

మనం మేలుకొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. అది మెదడు కణాలపై తనకు ఏర్పడిన స్థానాలలో చేరినప్పుడు నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ ముందుగా వెళ్ళి ఆ స్థానాలను ఆక్రమిస్తుంది. అందుచేత అలసట ఉన్నా మనకు తెలియదు.

తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుండి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగితే రాత్రి 11 గంటలకు కూడా సగం మిగిలే ఉంటుంది. పడుకున్నా గాఢనిద్ర తగ్గుతుంది. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర అవసరం. రాత్రంతా కాఫీతో మేలుకొని చదివినది పరీక్ష హాలులో గుర్తుకు రాకపోవడానికి ఇదొక కారణం.

అలవాటు ఎలా బలపడుతుంది?

రోజూ కెఫీన్ అందుతుంటే మెదడు దానికి అలవాటు పడుతుంది. మునుపటి కప్పు చాలదు. ఒక్కసారిగా మానితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, చిరాకు, మగత, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, సాధారణంగా తొమ్మిది రోజులలోపు తగ్గిపోతాయి. మధ్యలో ఒక కప్పు తాగితే వెంటనే నెమ్మదిస్తుంది. దానితో కాఫీయే తలనొప్పికి మందు అనుకుంటారు. మందుల షాపులో దొరికే కొన్ని తలనొప్పి మాత్రలలో కూడా కెఫీన్ ఉంటుంది. అవి వేసుకున్నా అలవాటు కొనసాగుతున్నట్లే.

ఎంత తాగవచ్చు?

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులు 200 వరకు కెఫీన్ తీసుకోవచ్చు. పిల్లలకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 50 కిలోల బరువున్న ఇంటర్ విద్యార్థికి 150 మాత్రమే. డికాక్షన్ చిక్కదనాన్ని బట్టి ఒక కప్పు కాఫీలో సుమారు 50 నుండి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. టీ, కోలా పానీయాలు, ఎనర్జీ డ్రింకులను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి.

విద్యార్థులకు మా సలహాలు

1. పరీక్షల వారంలో కాఫీ ఒక్కసారిగా మానవద్దు. నెల ముందు నుండే రెండు మూడు రోజులకు అర కప్పు చొప్పున తగ్గించండి.
2. మధ్యాహ్నం 3 గంటల తర్వాత కాఫీ తాగవద్దు.
3. భోజనంతోపాటు కాఫీ, టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు భోజనానికి, కాఫీకి మధ్య కనీసం ఒక గంట వ్యవధి ఉంచాలి.
4. ఖాళీ కడుపుతో కాఫీ తాగి టిఫిను మానేయవద్దు.

గుండె దడ, చేతుల వణుకు తగ్గకపోయినా, తలనొప్పితోపాటు జ్వరం, వాంతులు, చూపు మందగించడం, ఫిట్స్ వంటివి ఉన్నా కాఫీ వలన అని ఊరుకోక వెంటనే డాక్టరుకు చూపించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్ష ముందు రాత్రి పిల్లలకు మరో కప్పు కాఫీ కలిపి ఇచ్చే బదులు, లైటు ఆర్పి పడుకోమని చెప్పండి. తెల్లవారి వారికి ఎక్కువగా ఉపయోగపడేది ఆ నిద్రే.