ర్యాప్ గానము – బుర్రకథ

తాళమునకు లోబడి, ప్రాసలు కూర్చి, వడిగా మాట వినిపించు కళయే ర్యాప్. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ జరిపిన వేడుకను హిప్‌హాప్ పుట్టుకగా నెంచుచున్నారు.

ఇట్టి కళ మనకు క్రొత్త కాదు. బుర్రకథయందు కథకుడు తంబురా మీటుచు, అందెలతో తాళము వేయుచు కథ నడపును. వంతలలో నొకడు నవ్వించును. రెండవవాడు నాటి రాజకీయములను విమర్శించును. 1940 దశకమున ప్రజానాట్యమండలి దీనిని ప్రజల గొంతుకగా జేసెను. షేక్ నాజర్ దీనికి ఖ్యాతి దెచ్చెను.

2006 నాటి చట్టము తమిళనాటి బడులలో తమిళమును దశలవారీగా నిర్బంధము చేసినది. మూకండపల్లి, హోసూరు ప్రాంతములలో తెలుగు లిపి నేర్వని బిడ్డకును చెవియు నోరును కలవు. ర్యాప్ గానమునకవి చాలును. ఇంటి తెలుగులో పలుకగట్టు యువకుని పెద్దలు గేలిసేయక, బుర్రకథ వినిపింతురు గాక; పిమ్మట అక్షరమును నేర్పుదురు గాక.