నీటిమీది పొర

వాన వెలిసిన మఱునాడు చెఱువుగట్టున గూర్చుండి నీటిని జూచినవారికి నొక చిన్న వింత కనబడును. పొడవైన కాళ్లుగల సన్నని పురుగులు మునుగక, ఈదక, నేలపై నడచినట్లే నీటిపై బరుగులిడుచుండును. అచ్చటనే చిన్న గులకరాతిని విడిచినచో నది వెంటనే మునిగిపోవును. పురుగును మోయుచున్న దేది?

నీటియందలి యణువులు ఒండొంటిని లాగుకొనుచుండును. లోపలి యణువును అన్ని దిక్కులవారును సమముగా లాగుదురు. పైభాగమున నున్నదానికి మీద తోడులేదు గావున నది ప్రక్కలకును లోపలికిని మాత్రమే లాగబడును. అందుచే నీటి పైతలము బిగించిన పలుచని తోలువలె నుండును. దీనినే శాస్త్రజ్ఞులు తలతన్యత యందురు.

బాలబాలికలారా! దీనిని మీరే పరీక్షింపవచ్చును. గిన్నెడు నీటిపై పలుచని కాగితపుముక్క నుంచి, దానిపై పొడి సూదిని బెట్టి, కాగితమును మెల్లగా క్రిందికి నొక్కుడు. కాగితము మునుగును, సూది నిలుచును. పిమ్మట సబ్బునీటి బొట్టొకటి వేయుడు. పొర సడలి సూదియు మునుగును.

ఈ పొర మనలను మోయదేల? దేహపు పొడవు పదవవంతైనచో బరువు వేయవవంతగును. పొర మోయు బలము మాత్రము పదవవంతే యగును. కావున మనకు లెక్కకు రాని పొర పురుగునకు నేలయైనది. దాని కాళ్లపై నీరంటని సన్నని రోమములును గలవు. అది కాళ్లతో నీటియందు చిన్న సుడులను వెనుకకు ద్రోసి, తాను ముందునకు బోవునని 2003వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. తెడ్డు వేయు పడవవాడు చేయునదియు నించుమించుగా నిదియే.

పైనున్న ప్రాణికి నేలయైన పొర, క్రింద నున్న ప్రాణికి పైకప్పగును. పెరటి గోలెములో దోమపిల్లలు తలక్రిందుగా వ్రేలాడుచుండును. తోకకడ నున్న గాలిగొట్టపు కొనతో నవి పొరను బట్టుకొని పైగాలిని పీల్చును. మలేరియాను దెచ్చు అనాఫిలిస్ పిల్లలకు గొట్టము లేదు. అవి పొర క్రింద దానివెంబడి పరుండి యుండును.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అను వైద్యుడు సికిందరాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని గనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నాటినుండి జ్వరముతోడి పోరు మందుసీసాతోనే గాక నీటితొట్టికడను సాగుచున్నది. మురుగుగుంటపై నూనెను పలుచగా బఱచినచో పొర పట్టు సడలును, నూనె గాలిగొట్టములలో జొచ్చును. దోమపిల్లలు ఊపిరాడక చచ్చును. త్రాగునీటియందును, చేపలున్న చెఱువులందును మాత్రము నూనె పోయరాదు.

ఇంటికి అంతకంటె సులభమైన యుపాయము కలదు. వేసవిదినములలో గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును. కావున వారమున కొకనాడు తొట్లను కుండలను బోర్లించి, తోమి, ఆరబెట్టవలెను. తోముట మఱువరాదు; డెంగ్యూ దోమ గ్రుడ్లు తొట్టిగోడ నంటియుండి, నీరు పోయినను చావవు.

మీ యింటి గోలెపు పైకప్పు బట్టుకొని వ్రేలాడుచున్న దెవరో నేటి సాయంకాలమే చూడుడు.