ఆరోగ్యశ్రీ కార్డు: అపోహలు – వాస్తవాలు

"కార్డుంటే యాడికి పోయినా ఫ్రీగా చూస్తారంట." ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆస్పత్రుల్లో ఎక్కడ కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. పొలాలు తాకట్టు పడకుండా ఎన్నో ఇళ్లను ఆదుకున్న పథకమిది. దాని హద్దులు తెలియక రోగులు ఊళ్లు తిరుగుతుంటే మనసు తరుక్కుపోతుంది.

అపోహ: పులివెందుల నాయకుడి పథకం కదా, మన కడప జిల్లాలోనే మొదలైంది.
వాస్తవం: కాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్‌లో దీన్ని మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో దీని ఇప్పటి పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ.

అపోహ: ఏ జబ్బుకైనా 25 లక్షలు మనవే.
వాస్తవం: అది కుటుంబానికి ఏడాదికి గరిష్ఠ పరిమితి. చేతికిచ్చే డబ్బు కాదు. జాబితాలో ఉన్న చికిత్సకే, ఆ విభాగానికి గుర్తింపున్న ఆస్పత్రిలోనే వర్తిస్తుంది. ఎముకలకు గుర్తింపున్న చోట గుండెకు ఉండకపోవచ్చు. బండెక్కేముందే 104కు ఫోన్ చేయండి, లేదా ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

అపోహ: అప్రూవల్ ఆలస్యమైతే తప్పంతా ఆస్పత్రిదే.
వాస్తవం: కాగితాలు చూసేది పథకాన్ని నడిపే ట్రస్టు డాక్టర్లు. ఒక స్కాన్ రిపోర్టు లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. ప్రాణం మీదికొస్తే ఆస్పత్రి ఫోన్‌లోనే అనుమతి తీసుకునే వీలుంది. బకాయిల కోసం ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలూ రాష్ట్రంలో ఉన్నాయి. ఆ తగవులో నలిగేది మంచం మీదున్న మనిషే.

అపోహ: ఆపరేషన్ అయిపోయింది, వివరాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, ఇక ఏ డాక్టరైనా చూసుకుంటాడు.
వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే. తిరుపతిలో స్టెంట్ వేయించుకుని జమ్మలమడుగుకు వచ్చిన మనిషికి బీపీ మాత్రలు పీహెచ్‌సీలో ఇస్తారు, షుగరు మందు ప్రొద్దుటూరు డాక్టరు రాస్తాడు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. పథకం ఇచ్చే ప్యాకేజీ డబ్బు ఆపరేషన్‌కు వస్తుంది గానీ, ఆ డాక్టరు ఈ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పే పనికి ఎవరూ ఏమీ ఇవ్వరు. అమెరికాలో కైజర్ పర్మనెంటె లాంటి చోట బీమా, ఆస్పత్రి, డాక్టర్లు ఒకే గొడుగు కింద ఉంటారు కాబట్టి రోగికి ఒకే ఫైలు. మనకు కార్డు ఒకటే, ఆస్పత్రుల యజమానులు వేరు వేరు. ఆరోగ్య వివరాలు ఒకచోట చేర్చేందుకు 14 అంకెల ఆభా నంబరు ఉన్నా, ఆస్పత్రి వివరాలు ఎక్కించి, మీరు సమ్మతి ఇస్తేనే అవి ఇంకొకరికి కనబడతాయి.

మనకూ ఒకే ఫైలు వచ్చేదాకా డిశ్చార్జి కాగితమే దిక్కు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా చూపించండి. కొన్ని చికిత్సలకు ఏడాది దాకా ఉచిత ఫాలోఅప్ ఉంది, మీకు వర్తిస్తుందేమో అడగండి. స్టెంట్ పడినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా ఆపకూడదు. ఎన్నాళ్లు వాడాలో, ఎవరిని అడిగి ఆపాలో ఇంటికి పంపే రోజే రాయించుకోండి.