ఎడమ కాలికి కొత్త పాఠం

వాహనం కొన్ననాడే అది మనదైనదని అనుకోవడం లోక సహజం. కాగితాలమీద సంతకాలు పడతాయి. తాళపుచెవి చేతికి వస్తుంది. కొబ్బరికాయ కొట్టి, చక్రాలకింద నిమ్మకాయలు నలిపి బండిని ఇంటికి తెచ్చుకొంటారు. కాని యజమాని కాలూ చేయీ ఆ బండిని తమదిగా అంగీకరించడానికి మరికొన్ని వారాలు పడుతుంది. కొత్త మోటారు సైకిలు చరిత్రలో తెలుసుకొనదగిన అధ్యాయం ఆ కొద్దివారాలదే.

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇటీవల కొత్త బుల్లెట్టు కొన్నారు. ఆయనకు బుల్లెట్టు కొత్త గాదు. కాలువల శాఖలో ఓవర్సీయరుగా పనిచేసిన తండ్రి 1972లో కొన్న బుల్లెట్టు మీదనే, ధవళేశ్వరం కాలువగట్టున, ఆయన బండి నడపడం నేర్చుకొన్నారు. ఆ పాతబండి నేటికీ పెరటి రేకులపాకలో ఉన్నది. ఒకరోజు పాతదీ, ఒకరోజు కొత్తదీ నడుపుకొందామన్నది ఆయన సంకల్పం.

బుల్లెట్టు అన్న పేరు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో 1932లో పుట్టినది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరు కర్మాగారంలో ఈ బండ్ల నిర్మాణం సాగించినది. ఇంగ్లండులో 1970 నాటికి ఎన్‌ఫీల్డ్ బండ్ల తయారీ ఆగిపోయినా, ఇక్కడ ఆగలేదు. పుట్టింటివారు మరచిన బిడ్డను మెట్టినింటివారు పెంచి పెద్దచేశారన్న మాట.

పాతబండిని కదిలించడమే ఒక విద్య. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ ఆంపియర్ల ముల్లు నడుమకు వచ్చేదాకా వేచి, ఎడమచేతి దగ్గరి చిన్న మీటను లాగి సిలిండరులోని ఒత్తిడిని వదిలించి, కిక్కును మరికొంచెం దాటించి, అప్పుడు నిండు బలంతో తన్నవలెను. క్రమం తప్పితే కిక్కు ఎదురుతన్ని మడమను వాయగొట్టేది. ఆ విద్య పట్టువడడానికి ఆయనకు ఒక వేసవి సెలవులంతా పట్టినది.

2023 సెప్టెంబరులో విడుదలైన ఈ కొత్త బుల్లెట్టుకు కిక్కే లేదు. మీట నొక్కితే చాలు. పాత ఇంజను 346 ఘన సెంటీమీటర్లు, దాని శక్తి 18 అశ్వబలం. కొత్తది 349, ఇరవైకి కొంచెం పైన. అంకెలలో భేదం స్వల్పమే. నడకలో మాత్రం అది మరొక జాతి. కార్బురేటరు స్థానంలో ఇంధనాన్ని తూచి చిమ్మే ఏర్పాటు వచ్చినది. పిస్టను ఎగిరిపడే అదురును అణచడానికి లోపల ఒక తులనదండం తిరుగుతున్నది. పాతబండి మీద గంటసేపు పోతే తిమ్మిరెక్కే అరచేతులు ఇప్పుడు చల్లగా ఉన్నాయి.

అయినా మొదటి వారం ఆయన మనస్సులో చిన్న వెలితి. ఎవరు నొక్కినా కదిలే బండిమీద తన విద్యకు విలువ ఏమున్నది? ఇంట్లో ఆమెకూ ఒక ఫిర్యాదు ఉన్నది. ‘‘మావయ్యగారి బండి వీధి మొగను తిరగగానే నాకు తెలిసేదండీ, అన్నం వార్చేదాన్ని. ఇది గుమ్మంలోకి వచ్చేదాకా తెలియడం లేదు.’’

కొత్త ఇంజనును తొలి 500 కిలోమీటర్లు నిదానంగా నడపవలెను. పిస్టను రింగులూ సిలిండరు గోడా ఒకదాని ఒరపిడికి మరొకటి నునుపెక్కుతాయి. రాలిన లోహపు నలుసులను మొదటిసారి మార్చే నూనె బయటికి తీసుకొనిపోతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు. నునుపెక్కవలసినది ఇంజను ఒక్కటే కాదని మాత్రం అప్పటికి తట్టలేదు.

పాతబండికి గేరు కుడికాలితో, వెనుక బ్రేకు ఎడమకాలితో. కొత్తబండికి సరిగా తలక్రిందు. నింపాదిగా పోయేటప్పుడు బుద్ధి కాలికి చెబుతుంది, కాలు వింటుంది. ప్రమాద సమయంలో బుద్ధికోసం కాలు ఆగదు.

మూడువందల కిలోమీటర్లు నిండిన ఒక ఉదయం ఆయన కడియం నర్సరీల దారిని పోతున్నారు. ముందునాడు నడిపినది పాతబండిని. ఒక తోట గేటులోనుండి పూలమొక్కల బుట్ట కట్టిన సైకిలుతో ఒక కుర్రవాడు అకస్మాత్తుగా రోడ్డెక్కాడు. ఎడమకాలు, నలభైయేళ్ళ అలవాటు చొప్పున, బలంగా క్రిందికి నొక్కినది. అక్కడ బ్రేకు లేదు, గేరు ఉన్నది. ఇంజను హుంకరించినది; బండి కుదిపినది. అదృష్టవశాత్తు ముందు బ్రేకు రెండు బండ్లకూ కుడిచేతి క్రిందనే ఉన్నది. గట్టిగా బిగించిన మీట వేళ్ళకింద టకటక కొట్టుకొన్నది. చక్రం బిగుసుకొని జారకుండా, పట్టుతూ విడుస్తూ, బండిని సైకిలుకు మూరెడు దూరంలో నిలబెట్టినది. 125 ఘన సెంటీమీటర్లకు మించిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిలు నుండి తప్పనిసరి అయిన ఏర్పాటు అది. కుర్రవాడు వెనుదిరిగి చూడనైనా లేదు.

ఆయన బండిని వేపచెట్టు నీడకు తీసి చాలాసేపు కూర్చున్నారు. వెలితిగా తోచిన ప్రశ్నకు సమాధానం అక్కడ దొరికినది. బండిని కదిలించడం విద్యలో సగమే. ఆపడం తక్కిన సగం. మొదటి సగాన్ని యంత్రం తనమీద వేసుకొన్నది. రెండవ సగంలో అది సాయపడుతుందే గాని బాధ్యత మనిషిదే. ఒక శరీరంలో రెండు ఎదురు అలవాట్లను కాపురం ఉంచి రోడ్డెక్కడం ఎదుటివాని ప్రాణంతో పందెం కాయడమే.

ఆనాటినుండి పాతబండి వీధి గుమ్మం దాటలేదు. దానిని అమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. ప్రతి ఆదివారం ఉదయం పాకలోనే స్టాండుమీద నిలిపి, ముల్లు చూసి, మీట లాగి, ఒక్క తన్ను తన్నుతారు. పది నిమిషాలు దాని చప్పుడు పెరడంతా నిండుతుంది. అప్పుడు వంటింట్లో ఆమె, ఆయన ఎక్కడికీ వెళ్ళలేదని తెలిసీ, ఎసరు వైపు ఒకసారి చూస్తుంది.