గోతిలోంచి ఆపెరా

ఆపెరా అంటే, కొమ్ముల టోపీ పెట్టుకున్న లావుపాటి ఆవిడ కెవ్వున పాడటమని మనలో చాలామంది అభిప్రాయం. మా అమ్మాయికి బడిలో వయోలా అంటగట్టేవరకూ నాదీ అదే.

వయోలా వయొలిన్‌కు అక్కగారు. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త లోతు. మొన్న ఉగాదికి మన సభలో "ఏదీ, ఓ పాట వాయించమ్మా" అన్నారు పెద్దలు. పిల్ల 'బ్లూ డాన్యూబ్'లో తన భాగం వాయించింది. జుక్ జుక్... జుక్ జుక్... అంతే. వాల్ట్జ్‌లో పాట వయొలిన్లది, జుక్ జుక్ వయోలాలది. సభ మర్యాదగా చప్పట్లు కొట్టింది. కారెక్కగానే "నాన్నా, మానేస్తాను" అంది.

మా బ్రాంప్టన్ వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆపెరాలకు వయోలా వాయించి రిటైరయ్యారు. పిల్లను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"లా ట్రావియాటా ఎలా ఉంటుందండీ?" అన్నాను, మాట కలపడానికి.

"తెలీదు. వందసార్లు వాయించాను, ఒక్కసారీ చూడలేదు" అన్నారు.

ఆర్కెస్ట్రా కూర్చునేది రంగం ముందున్న గోతిలో. సగంమంది రంగం చూరు కిందే ఉంటారు. కనిపించేది కండక్టరు చేతికర్ర ఒక్కటే. "హీరోయిన్ పోయిందని నెత్తిమీద దబ్బుమంటేనే తెలిసేది" అన్నారు. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు ఎంత అదృష్టవంతుడో!

ఆ హీరోయిన్‌కు క్షయ. 1853లో వెనిస్‌లో మొదటిసారి ఆడినప్పుడు ఆ వేషం కట్టినావిడ బొద్దుగా ఉండటంతో, జనం ఏడవాల్సినచోట నవ్వారట. ఊపిరితిత్తులు పాడైన మనిషి చివరి ఘడియల్లో అంత ఆలాపన చెయ్యడం నేను చదివిన వైద్యంలో లేదు. అయినా కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ కొట్టిన జాతి మనది, మనం నవ్వకూడదు. ఆ జబ్బు వాళ్ళకీ ఉంది. 1786లో మొజార్ట్ 'ఫిగారో'కు వన్స్‌మోర్‌లు మితిమీరితే, ఇద్దరు ముగ్గురు కలిసి పాడేవాటిని మళ్ళీ పాడించరాదని జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ వేశాడు.

పాట మాటలు తర్జుమా చేసి రంగం పైన తెరమీద చూపించడం ప్రపంచంలో మొదట మన టొరంటోలోనే, 1983 జనవరిలో, 'ఎలెక్ట్రా'కు. "అప్పట్నుంచి జనం నవ్వేది తెర చదివి. గోతిలోవాళ్ళకి తెర కనపడదు. ఎవరు తప్పు వాయించారా అని మొహాలు చూసుకుంటాం" అన్నారాయన.

ఇక తోటివాళ్ళ మీద ఫిర్యాదులు. బీథోవెన్ అయిదో సింఫనీలో (1808) ట్రాంబోన్లవాళ్ళు మూడు భాగాలు చేతులు కట్టుకుని కూర్చుని, నాలుగోదాంట్లో లేచి కీర్తి కొట్టేస్తారట. డ్వొర్జాక్ 'న్యూ వరల్డ్'లో (1893) కంచు తాళాలు మోగేది ఒకే ఒక్కసారి. "ఆ ఒక్క దెబ్బకి ఆయనకీ జీతమే, నా వేల జుక్ జుక్‌లకి నాకూ జీతమే!" వయోలావాళ్ళ మీద వాళ్ళలో వాళ్ళకి జోకులు కూడా ఉన్నాయి. తాళం వెయ్యని కార్లో ఒకడు వయోలా మరిచిపోయాడట. వచ్చి చూస్తే రెండు వయోలాలున్నాయట! పిల్ల ఫక్కున నవ్వింది.

అప్పుడాయన పెట్టె తీసి 'బ్లూ డాన్యూబ్' పాట ఎత్తుకుని, "నువ్వు నీది వాయించు" అన్నారు. ఇద్దరూ కలిసేసరికి గదిలో నిజంగా ఎవరో నాట్యం చేస్తున్నట్టయింది. సగంలో కళ్ళతోనే దాన్ని ఆగమన్నారు. అది ఆగింది. ఆయన పాట సాగుతూనే ఉంది గాని, కాళ్ళు విరిగినట్టు నేలమీద పడింది. పిల్ల ఎవరూ చెప్పకుండానే మళ్ళీ అందుకుంది.

"నలుగురు కూర్చుని వాయించేటప్పుడు మొజార్ట్ ఏది పట్టుకునేవాడో తెలుసా? ఇదే" అన్నారు, వయోలా పెట్టెలో పెడుతూ.

మానేసే మాట ప్రస్తుతానికి జూన్‌దాకా వాయిదా పడింది. వచ్చే నెల ఫోర్ సీజన్స్ సెంటర్‌లో ఆపెరాకు వెళ్తున్నాం. పిల్ల పట్టుబట్టి పై అంతస్తులో టికెట్లు కొనిపించింది. చవక అని కాదు, గొయ్యి కనపడుతుందని.

కార్యవర్గానికి ఒక మనవి. దీపావళికి వయొలిన్ నేర్చుకుంటున్న మన పిల్లలెవరైనా ఒకరు కావాలి. మూడు నిమిషాలు చాలు. జుక్ జుక్ మావాళ్ళది.